తొమ్మిది తెల్లటి ఫిల్టర్లు

సంచిలో ముందు రెండు చొక్కాలు పెట్టింది, వాటి మీద తువ్వాలు, ఓ పక్కన సబ్బుపెట్టె. మొగుడు పదిరోజుల ప్రయాణం పెట్టుకున్నాడు. పాత కార్లన్నీ కలిసి వరసగా వెళ్తాయట. లాయరమ్మ తన ఎర్రటి రెండు సీట్ల కారు తీసుకెళ్తోందట. దారిలో ఆగిపోతే చూడ్డానికి మెకానిక్కు కావాలట. ఊళ్ళో ఇంకెవరూ లేనట్టు ఆ మెకానిక్కు ఈమె మొగుడే కావాలట.

"ఏమే, పెట్రోలు ఫిల్టర్లు మూడు పెట్టావా?" కింద షెడ్డులోంచి కేకేశాడు.

"పెడుతున్నాలెండి!"

ఫిల్టర్ల సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. షెడ్డు ముందు విడిభాగాల కొట్లో కూర్చునేది తనే. వచ్చినవాళ్ళకి పాఠం చెప్పేదీ తనే. "పాత బండికి లోపల కనబడే ప్లాస్టిక్‌ది తీసుకోండి, మురికి చేరితే కంటికే తెలుస్తుంది. గొట్టం లావు సరిచూసుకోండి. బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. ఏడాదికొకటి చాలు."

ఏడాదికొకటి చాలు. లాయరమ్మ కారుకి మాత్రం ఈ ఏడాది తొమ్మిది మార్చాడు. నెల తిరక్కుండా ఫోను మోగేది, "మేస్త్రీ, బండి దగ్గుతోంది" అని. ఈయన తల దువ్వుకుని బయల్దేరేవాడు. ఫిల్టరు మార్చడానికి తల దువ్వుకోవడం దేనికో! పావుగంట పనికి మధ్యాహ్నం వెళ్ళినవాడు చీకటి పడుతుంటే వచ్చేవాడు.

మొదటిసారి, అతను వెంట తెచ్చి పారేసిన పాత ఫిల్టరు చెత్తబుట్టలోంచి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసింది. శుభ్రంగా ఉంది. కళ్ళని నమ్మలేక రంపపు బ్లేడుతో కోసి, లోపలి కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పింది. రవ్వంత తుప్పు లేదు. ఆ తర్వాతవీ కోసింది. తొమ్మిదీ అంతే. ఎవరో ఎవరికో రాసిన ఉత్తరాల్లా వాటిని కొట్లో అడుగు సొరుగులో దాచింది.

అతన్ని అడగలేదు. ఏం చెబుతాడో అని భయం. ఏమీ చెప్పకపోతే ఇంకా భయం. లాయరమ్మ స్టీరింగు మీద ఒంటిచెయ్యి ఆనించే తీరు గుర్తొస్తే చాలు, ఒళ్ళు మండిపోయేది.

ఫిల్టర్ల పెట్టె సంచిలో పెట్టబోయి ఆగింది. ఎలాగూ అక్కర్లేనివేగా, అనుకుంది. ఆ చోట్లో ఉన్ని దుప్పటి కుక్కి, జిప్పు లాగేసింది.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు ఉదయం ఫోను.

"కారు ఆగిపోయింది. సంచిలో ఫిల్టర్లేవే? ఇక్కడ ఏ కొట్లోనూ ఆ సైజు లేదు. బస్సు డ్రైవరుకిచ్చి పంపించు."

"నేనే తెస్తా."

"నువ్వెందుకే, ఇంత దూరం..."

"తెస్తానన్నాగా!"

ఆమె చూడాల్సింది ఒక్కటే. ఆ ఫిల్టరులో మురికి ఉందా, లేదా?

బస్సు దిగేసరికి మూడు దాటింది. పెట్రోలు బంకు పక్క రేకుల నీడలో ఆ కారొక్కటే, మిగతావి ముందుకెళ్ళిపోయాయి. కుర్చీలో లాయరమ్మ, ఒళ్ళో పుస్తకం. మొగుడు ఊడదీసిన ఫిల్టరు భార్య మొహం ముందు పెట్టాడు. లోపల పెట్రోలు టీ రంగులో ఉంది, అడుగున వేలి మందాన తుప్పు పొడి.

"చూశావా? ఎప్పుడూ సగం ట్యాంకే పోయించేవారు. ప్రయాణమని నిండా పోయిస్తే ట్యాంకు పైభాగాన పట్టిన తుప్పంతా కదిలింది. మూడు పెట్టమన్నది ఇందుకే. మర్చిపోయావా, కావాలనే చేశావా?"

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నిజంగానే పని ఉంది. నవ్వొచ్చింది కూడా. కానీ అడగకుండా ఉండలేకపోయింది.

"ఇది సరే. మరి ముందరి తొమ్మిదీ?"

"ఏ తొమ్మిది?"

"కోసి చూశానండీ. పాలలా తెల్లగా ఉన్నాయి."

అతను కొత్తది పెట్టి క్లిప్పు బిగించాడు. బిగిసిన క్లిప్పునే మళ్ళీ బిగించాడు. మళ్ళీ. లాయరమ్మ పుస్తకంలోకే చూస్తోంది, పేజీ మాత్రం తిరగలేదు.

"మరీ బిగిస్తే గొట్టం తెగుతుంది," అందామె. కొట్లో అందరికీ చెప్పే మాటే.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది, దగ్గు లేదు. "నువ్వూ రాకూడదూ అమ్మాయ్," అంటూ లేచిన లాయరమ్మ, ఉన్న రెండు సీట్లూ చూసి మిగతా మాట మింగేసింది.

"ఐదింటికి బస్సుంది," అన్నాడు మొగుడు, స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ. "ఇంటి తాళంచెవి నీ దగ్గరేగా?"

"నా దగ్గరే."

మిగిలిన రెండు ఫిల్టర్లు పెట్టడానికి మొగుడి సంచి తెరిచింది. దుప్పటి తీసి చంకన పెట్టుకుంది. ఫిల్టర్ల పక్కన తాళంచెవి పెట్టి జిప్పు లాగింది. ఐదింటిది ఇంటివైపు వెళ్ళే బస్సు. నాలుగున్నరకి ఎదురువైపు వెళ్ళేది ఇంకొకటి ఉంది.

పదకొండో రోజు లాయరమ్మ తిరిగొచ్చింది. మెకానిక్కూ తిరిగొచ్చాడు. అతని భార్య అక్టోబరు నాలుగు, మంగళవారం ఉదయం ఇల్లు దాటింది. తిరిగి రాలేదు.