నాన్న కొట్టేసిన ఐదో లైను

మా నాన్నని ఈ అపార్టుమెంటులో అందరూ హైకోర్టు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఆయనా మురిసిపోతాడు. నలభై ఏళ్ళు కార్లు బాగుచేసి, మోకాళ్ళు మొరాయించాక షెడ్డు మూసేసి నా దగ్గరికొచ్చాడు. కొన్నాళ్ళకి ఇక్కడే పని వెతుక్కున్నాడు. ఎవరి కారుకైనా షోరూం వాళ్ళు సర్వీసు ఎస్టిమేటు ఇస్తే, ఆ కాగితం పట్టుకుని మా గుమ్మం ఎక్కాలి. నాన్న చొక్కా మార్చుకుని కిందికి దిగి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక చుట్టు తిప్పమంటాడు. ఆ కాసేపూ ఎవరూ నోరెత్తకూడదు. తిరిగొచ్చాక అక్కర్లేని లైన్లు కొట్టేసి, ఎందుకు అక్కర్లేదో పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిస్తాడు. ఫీజు ఒక కప్పు కాఫీ. అది పెట్టేది నేను, పేరు ఆయనకి.

విసుక్కుంటాను గానీ, లోపల నాకూ గర్వమే. అమ్మ పోయాక ఈ మనిషి ఏమైపోతాడోనని హడలిపోయాను. ఆరు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ని మళ్ళీ మనిషిని చేసింది నా వంటా కాదు, నా మాటలూ కాదు, ఈ కాగితాలే.

పోయిన వారం నా కారే కోర్టుకెక్కింది. నేను బడి పిల్లల యూనిఫారాలు కుట్టించి స్కూళ్ళకి ఇస్తాను, కారు వెనక సీటు నిండా ఎప్పుడూ మూటలే. సర్వీసుకని తీసుకెళ్తే షోరూంలో తొమ్మిది లైన్ల ఎస్టిమేటు చేతిలో పెట్టారు. ఆలోచించుకుని వస్తానని చెప్పి బండి వెనక్కి తెచ్చేశాను. నాన్నకి పండగే. పక్కన కూర్చుని ఒక చుట్టు తిప్పించాడు, బానెట్ తెరిపించాడు, తీర్పు మొదలుపెట్టాడు. ఆయిల్ మార్చడం న్యాయమేనట. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంది, దులిపితే చాలట. వేళకి ఆయిల్ మార్చే ఇంజనుకి ప్రత్యేకంగా కడుపు కడగడం ఎందుకట. ఏసీలో వాసనే లేనప్పుడు వాసన పోగొట్టే మందేమిటట. ఐదో లైను దగ్గర మాత్రం ఆయనకి నిజంగా కోపం వచ్చింది. వెనక ఎడమ చక్రం బేరింగు పోయిందని రాసి ఉంది.

"బేరింగు పోతే విమానం ఎగిరినట్టు మోత పెడుతుంది. ఎక్కడమ్మా మోత? నీ చెవిలో పువ్వు పెడుతున్నారు" అని ఆ లైనుని రెండుసార్లు కొట్టేశాడు.

మర్నాడు నేను నడుం బిగించి వెళ్ళాను. దెబ్బలాటంటే నాకు కాస్త ఇష్టం కూడాను. కౌంటరు దగ్గరున్న సర్వీసు అడ్వైజరు నా ఈడుదే, ఓపిక మాత్రం నాకు పదింతలు. నేను దులపాల్సినదంతా దులిపేదాకా ఆగి, నాన్న రాసినవన్నీ ఒక్కటీ వదలకుండా చదివింది. ఎయిర్ ఫిల్టరు, ఇంజను కడగడం, ఏసీ మందు లాంటివి కిలోమీటర్లని బట్టి కంప్యూటరే అందరికీ వేసేస్తుందని, మీ నాన్నగారు కొట్టేసినవి న్యాయంగానే కొట్టేశారని ఒప్పుకుని నా ముందే తీసేసింది. నేను విజయగర్వంతో లేవబోతుంటే ఐదో లైను మీద వేలు పెట్టింది.

"ఇది మాత్రం తియ్యలేనండీ. ఆ మోత మీకు వినపడటం లేదా?"

నాకు ఒళ్ళు మండింది. మా నాన్న చెవిని అనుమానించే మొనగాడు ఇంకా పుట్టలేదన్నాను. ఆవిడ తాళాలు తీసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద రోడ్డెక్కింది. అద్దాలు ఎత్తేసి, ఏసీ ఆపేసి, కాస్త వేగం పెంచింది. వెనక నుంచి ఉమ్‌మ్‌మని ఒకటే మోత. కుడివైపు వంపు తిరిగినప్పుడల్లా పెరుగుతోంది.

ఆ మోత నాకు కొత్త కాదు. నెల రోజులుగా వింటూనే ఉన్నాను. రోడ్డు బాగోలేదనుకున్నాను, టైర్లు పాతబడ్డాయనుకున్నాను. నాన్న పక్కన కూర్చుని లేదన్నాక నా చెవులు కూడా వినడం మానేశాయి. షోరూం ఆవిడ ఇంకేదో చెబుతోంది గానీ నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. నాన్నకి వినపడటం లేదు. టీవీ హోరెత్తిస్తున్నాడని ఎన్నిసార్లు రిమోటు లాక్కుని కసిరానో. మొండితనం అనుకున్నాను. అక్కడే, ముక్కూ మొహం తెలియని ఆవిడ పక్కన కూర్చుని బావురుమన్నాను. ఆవిడ బండి ఓ పక్కన ఆపి, నేను తేరుకునేదాకా ఆగింది. ఇవాళ్టికి నెమ్మదిగా నడుపుకోవచ్చు, రేపు తప్పకుండా తీసుకురండి అంది.

దారిలోనే అబద్ధం సిద్ధం చేసుకున్నాను. నాన్నా, అన్నీ తీసేశారు, నువ్వే గెలిచావు అంటే సరి. రేపు గుట్టుగా బేరింగు మార్పించేస్తే ఆయనకెలా తెలుస్తుంది? హైకోర్టు హైకోర్టుగానే ఉంటుంది. నాకు హాయిగా కూడా అనిపించింది.

గేటు లోపలికి రాగానే మూడో అంతస్తు లెక్కల మాస్టారు కారు తుడుచుకుంటూ కనిపించారు. రేపు తెల్లారేసరికి భార్యనీ కవలపిల్లలనీ తీసుకుని కొండ దారిలో ప్రయాణమట. రెండు వారాల క్రితం ఆయన ఎస్టిమేటులో బ్రేకు ప్యాడ్లు అరిగాయని రాస్తే కొట్టేసింది నాన్నే. అరిగితే లోపలి రేకు తగిలి కీచుమంటుంది మాస్టారూ, అనడం లేదుగా అన్నాడు. మాస్టారు నమ్మేశారు. నాన్న మాట నమ్మనిదెవరు?

ఇక అబద్ధం లేదూ గిబద్ధం లేదూ. పైకెళ్ళి, ఎందుకని అడగకుండా రమ్మని నాన్నని కారెక్కించాను. పెద్ద రోడ్డు మీద, మోత మొదలయ్యాక చెప్పేశాను.

"నాన్నా, ఇప్పుడు మోత వస్తోంది. నాకు వినపడుతోంది."

నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. నుదురు ముడిపడింది. బండి ఆపమని, దిగి వెనక సీటుకి మారాడు. మూటలు పక్కకి తోసి, వంగి, ఎడమ చక్రం వైపు కారు నేల మీద అరచెయ్యి ఆనించి పోనివ్వమన్నాడు. కుడి వంపు తిరిగేటప్పుడు అద్దంలో ఆయన మొహం చూశాను. నలభై ఏళ్ళు ఇనుముని పట్టుకున్న చెయ్యి అది, దాన్ని ఎవరూ మోసం చెయ్యలేరు.

"ఉంది" అన్నాడు నాన్న.

ఏడుస్తాడేమో, షోరూంని తిడతాడేమో, మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటాడేమోనని నేను బిక్కచచ్చిపోయి ఉన్నాను. ఆయన మాత్రం తల ఎత్తుతూనే మాస్టారి బండి ఇంట్లోనే ఉందా అని అడిగాడు. ఉందన్నాను. పోనివ్వు అన్నాడు.

మాస్టారు ఇంకా కారు దగ్గరే ఉన్నారు. పిల్లలు వెనక డిక్కీలో సంచులు సర్దుతున్నారు. పై అంతస్తుల్లోంచి ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. నాన్న గొంతు తగ్గించలేదు.

"మాస్టారూ, నాకు చెవులు సరిగా వినపడటం లేదు. తెలియక మీ బ్రేకుల మీద తీర్పు చెప్పాను. తప్పు నాది. చూపించేదాకా ఈ బండి కొండెక్కకూడదు."

మాస్టారు నివ్వెరపోయారు. భుజం మీద చెయ్యి వేసి ఏదో సర్దిచెప్పబోయారు గానీ నాన్న వినిపించుకోలేదు, తాళాలు అడిగి నా చేతిలో పెట్టాడు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమని, తను పక్కన కూర్చున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు, నా మొహమే చూస్తున్నాడు. ఏం వినాలో చెప్పాడు. అద్దాలు దించాలి, గోడ పక్కగా నెమ్మదిగా పోవాలి, బ్రేకు మీద కాలు అలా ఆనించాలి, సన్నగా ఇనుము గీసినట్టు వస్తే అదే. తనకి అరవై ఏళ్ళు నిండాక నాన్న తన విద్యలో నాకు నేర్పిన మొదటి పాఠం అది.

అపార్టుమెంటు ప్రహరీ గోడ పక్కగా పోనిచ్చి కాలు ఆనించాను. వచ్చింది. సన్నగా, స్పష్టంగా, పిల్లలు కూడా తిరిగి చూసేంతగా.

"వస్తోంది నాన్నా" అన్నాను, ఆయనకి దెబ్బ తగలకూడదని మెల్లగా.

నాన్న తన చెవి నా వైపు తిప్పి దగ్గరికి జరిగాడు.

"గట్టిగా చెప్పు తల్లీ. ఇక నుంచి నాకు అన్నీ గట్టిగానే చెప్పు."