లేని మాత్ర

పిల్లలు అబద్ధాలాడతారని సర్వే మేడమ్‌కి తెలుసు. ఆమె ఉద్యోగమే అది. బడులకు మనుషుల్ని పంపి, పద్నాలుగేళ్ల పిల్లల చేతికి కాగితాలిచ్చి, దొంగతనం చేశారా, క్లాసు ఎగ్గొట్టారా, ఎవరినైనా కొట్టారా అని అడిగించే ఆఫీసులో ఆమె పెద్ద తలకాయ. పోలీసు లెక్కల్లో దొరికినవాళ్లే ఉంటారు, దొరకనివాళ్ల సంగతి వాళ్లనే అడగాలంటుంది ఆమె.

అడిగితే మాత్రం చెబుతారా? కొందరు భయపడి దాస్తారు. వాళ్ల కోసం కాగితం పైన ఒక హామీ రాసింది: పేరు అడగం, ఎవరికీ చెప్పం, ముఖ్యంగా అమ్మానాన్నలకు చెప్పం, వాళ్లను గదిలోకే రానివ్వం. కొందరు కోతలు కోస్తారు. వాళ్ల కోసం, మత్తుమాత్రల వరసలో 'జిమ్లోరిన్' అని లోకంలో లేని మాత్రను ఇరికించింది. అది మింగానన్నవాళ్ల కాగితం మొత్తం చెత్తబుట్టకే. ఒక్క అబద్ధం ఆడినవాళ్ల మాట ఇక దేంట్లోనూ నమ్మకూడదని ఆమె పట్టుదల.

సొంత కూతురి విషయంలో మాత్రం ఆమెకు ఏ సర్వే అక్కర్లేకపోయింది. బంగారుతల్లి, నోట్లో నాలుక లేని పిల్ల. ఆరునెలల కిందట మేడమ్ సోఫాలో పెట్టిన కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టానని అత్తగారు అన్నప్పుడు కూడా, "కాస్త చూసుకుని కూర్చోవాలి అత్తయ్యా, మీకంటే ఈ పిల్ల నయం" అనేసింది మేడమ్. అత్తగారు ఆనాటి నుంచి సోఫా వైపు పోకుండా గోడవార చెక్క కుర్చీలోనే కూర్చుంటోంది.

ఆ సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి సంచీ విసిరేసింది.

"అమ్మా, ఇవాళ మీ వాళ్లొచ్చారు. నేనూ రాశాను."

"అన్నీ 'లేదు' అనే కదూ?"

"జిమ్లోరిన్‌కి 'అవును' పెట్టాను."

"అదెందుకు పెట్టావే?"

"వెనక బెంచీ వాళ్లంతా వేసుకున్నామంటున్నారు. నేనొక్కదాన్నీ వెర్రిమొహంలా కూర్చోనా?"

"అలాంటి మాత్రే లేదే, తింగరిదానా!"

"లేదా? మరి వాళ్లు తియ్యగా ఉంటుందన్నారే!" కూతురు బిక్కమొహం వేసింది. "పోనీలే, మిగతావన్నీ నిజమే రాశాను."

"మిగతావంటే... లేదనేగా?"

"కొన్నిటికి."

ఊళ్లో పిల్లలందరి గుట్టూ తెలుసని విర్రవీగిన మనిషికి సొంతపిల్ల గుట్టు తెలియదు. రేపు ఆ కాగితం చెత్తబుట్టలో పడితే ఇక తెలిసే దారీ లేదు.

"ఏ కొన్నిటికి? చెప్పవే, నా తల్లివి కదూ!"

"ముఖ్యంగా అమ్మానాన్నలకు చెప్పం అని చదివి మరీ వినిపించారు."

"ఆ ముక్క రాసింది నేనే!"

"అయితే నీకే బాగా తెలిసుండాలి."

చెక్క కుర్చీలోంచి అత్తగారు కిసుక్కున నవ్వింది. "పోనీ మళ్లీ అడుగుదామే. నేనడుగుతాను. నేను అమ్మనీ కాను, నాన్ననీ కాను. అమ్మాయ్, అమ్మవి కాబట్టి నువ్వు గదిలో ఉండకూడదేమో?"

తన నిబంధనే తన మెడకు చుట్టుకుంది. మేడమ్ వంటింట్లోకి నడిచింది. ఆమె వెనకే తలుపు పడింది.

తలుపుకి చెవి ఆనించింది. సర్వే జరుగుతుంటే బడి కిటికీల్లోంచి తొంగిచూసే టీచర్లను ఎన్నిసార్లు కసిరిందో గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా చెవి తియ్యలేదు. మొదట గుసగుసలు, తర్వాత ముసలావిడ పగలబడి నవ్వడం. ఆ తర్వాత నవ్వు ఆగిపోయి, పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది.

"ఏమంది అత్తయ్యా?"

"మాటిచ్చాను, చెప్పను. అన్నం పెట్టు, పిల్ల ఆకలంటోంది."

"ఒక్కటైనా చెప్పండి!"

"చెప్పేదుంటే అదే చెబుతుంది."

కూతురు నాన్నమ్మ వెనక నుంచి ముందుకొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, నీ కళ్లజోడు మీద కూర్చున్నది నాన్నమ్మ కాదు."

మేడమ్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్తగారి వైపు తిరిగింది.

"మరి 'నేనే విరగ్గొట్టాను' అని మీరెందుకన్నారు?"

"పిల్ల వణికిపోతుంటే చూడలేకపోయాను. నన్నయితే ఒక మాట అని ఊరుకుంటావనుకున్నాను."

ఆ ఒక్క మాటేమిటో ముగ్గురికీ గుర్తుంది. మేడమ్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. తన లెక్క ప్రకారమైతే ఈ ముసలావిడ చెప్పినదంతా చెత్తబుట్టలో వెయ్యాలి. గబగబా వెళ్లి సోఫా మీది బట్టలన్నీ తీసి, దిండు సర్దింది.

"రండి అత్తయ్యా, ఇక్కడ కూర్చోండి."

అత్తగారు కదల్లేదు.

"ముందు నీ కళ్లజోడెక్కడుందో చూసి చెప్పు."