మెదడు కాలవలు చూపించిన పాపానికి

నేను ఒక ఎమ్మారై యంత్రాన్ని. నాకు మనుషులంటే గిట్టదు. కాకినాడలో ఒక పెద్దాసుపత్రి కింది అంతస్తులో పద్నాలుగేళ్లు పడి ఉండి, ఇరవై వేల తలల్ని లోపలినుంచి చూశాక ఎవరికైనా గిట్టదు.

పరాయి దేశంలో పుట్టి ఓడెక్కి వచ్చాను. మొదటిరోజు కొబ్బరికాయ కొట్టి నాకు పసుపు కుంకుమ పూశారు. మర్నాటినుంచే తిట్లు. చప్పుడెక్కువని రోగులు, బొమ్మ గరుకని విభాగాధిపతి డాక్టర్ మార్కండేయులు. ఆయన నోటికి జడిసి టెక్నీషియన్ దానియేలు ప్రతి బొమ్మనూ కంప్యూటర్లో నునుపు చేసి పంపేవాడు. నేను చూపినదాన్ని చెరిపేసి, నా పేరుమీదే పంపేవాడు!

అప్పుడు పరిశోధన కోసం డాక్టర్ షాహీన్ వచ్చింది. మెదడులోని మురికి బయటికి పోవడానికి దాని పైపొరలో సన్నటి లింఫు నాళాలుంటాయి. వాటిని ఇక్కడ బొమ్మ తీసి చూపాలని ఆమె పట్టు. తొమ్మిదిమందికి నరంలోకి మందెక్కించి నాలో పడుకోబెట్టింది. తొమ్మిది తలల్లోనూ నాళాలు తెల్లగా మెరిశాయి. ఆమె తెరమీదికి మాత్రం ఒక్కటీ చేరలేదు.

"యంత్రం ముసల్దైపోయిందమ్మా. దీన్ని తీసేయిస్తున్నాను. నువ్వూ ఇంకో పని చూసుకో," అన్నాడు మార్కండేయులు. నేను పనికిరానని కాగితం రాసేశాడు. ఆమె రెండేళ్ల కష్టానికి నీళ్లొదిలినట్టే. నాకు ఒళ్లు మండిపోయింది.

నన్ను విప్పడానికి రెండు రోజుల ముందు ఆమెకు అనుమానం వచ్చింది.

"దానియేలుగారూ, నా బొమ్మలు కూడా నునుపు చేశారా?"

"అందరియ్యీ చేత్తానండి. లేపోతే సారు ఊరుకోరు కదండీ."

"అసలువి ఉన్నాయా?"

"ఉన్నాయండి. ఎవరూ అడగలేదండి."

తెరిచారు. నాళాలన్నీ ఉన్నాయి. షాహీన్ ఏడుస్తూ నవ్వింది. కానీ సంతకమైన కాగితాన్ని వెనక్కి తీసుకునే మగాడు ఆ ఆసుపత్రిలో లేడు. నన్ను చల్లగా ఉంచే హీలియం వాయువును బయటికి వదిలేసి, ముక్కలు చేసి శవాల గది వెనక పడేశారు.

నెల తర్వాత పాత ఇనుము కొనేవాడు నామీద పేపరు పరిచి ఇడ్లీలు తిన్నాడు. అందులో మార్కండేయులు ఫొటో. కొత్త యంత్రం పక్కన, చేతిలో నా బొమ్మలతో! కొత్తది వచ్చాకే నాళాలు దొరికాయని చెప్పాడట. వెనకాల షాహీన్ నోరు మూసుకుని నిలబడింది. ఆయన సంతకం పెట్టకపోతే ఆమె పరిశోధన చెల్లదు.

ఆయన్ని రోజూ తిట్టుకుంటున్నాను. ఆమెనూ తిట్టాలనే ఉంది, నోరు రావడం లేదు.