పేరు ఊడదీసిన చొక్కాలు

భోజనాల వేళకు నీరజ వేళ్ళు రబ్బరు తొడుగుల్లోనే నానిపోయి తెల్లబడ్డాయి. ఆమె బల్ల పక్కన విప్పని అట్టపెట్టెలు ఇంకా నడుమెత్తున ఉన్నాయి. అన్నింటిలోనూ అవే నీలం చొక్కాలు. ప్రతి చొక్కా వీపు మీదా ఒకటే పేరు: డెల్వెక్కియో.

అతను బేస్‌బాల్ ఆటగాడు. ఆటలు లేని చలికాలంలో జట్లు మనుషుల్ని మార్చుకుంటాయట. సోమవారం అతన్ని ఇంకో జట్టుకిచ్చి, బదులుగా ఒక కుర్రవాణ్ణి తెచ్చుకున్నారు. దుకాణాల్లో అమ్ముడుపోని చొక్కాలన్నీ గ్వెల్ఫ్ ఊరి శివార్లలోని ఈ షెడ్డుకు తిరిగొచ్చాయి. అక్షరాల మీద మందు చల్లి, జిగురు మెత్తబడ్డాక పట్టకారుతో ఊడబీకాలి. మిగిలిన జిడ్డును గుడ్డతో తుడవాలి. శనివారం కొత్త కుర్రవాణ్ణి అభిమానులకు చూపిస్తారు. ఆలోగా వీటి మీద అతని పేరు ఎక్కాలి.

గోడ మీది రేడియోలో ఇద్దరు డెల్వెక్కియో భుజం గురించి మాట్లాడుకుంటున్నారు. పోయినేడు నొప్పి చేసిన భుజం కాబట్టి కొత్త జట్టు డాక్టర్లు రెండు రోజులు పరీక్షించాకే సరేనన్నారట.

నీరజ ఆ ఇంగ్లీషును అర్థం చేసుకుని చెబితే ఎదుటి బల్ల దగ్గర ధరణి నీరసంగా నవ్వింది. "ఒక్క భుజానికి అంతమంది డాక్టర్లా? నాకు పొద్దటిసంది తలకాయ దిమ్ముగున్నది, అడిగెటోడు లేడు."

ధరణిది ఆర్మూరు దగ్గర పల్లె. భర్త ఇక్కడ కాలేజీలో చదువుతున్నాడు, ఆమె అతని చదువు వల్ల వచ్చిన వర్క్ పర్మిట్ మీద పనిచేస్తోంది. నీరజది అద్దంకి. అదే కాలేజీలో సప్లై చెయిన్ కోర్సు. చదువుకునేవాళ్ళు ఎన్ని గంటలైనా పనిచేసుకోవచ్చని ప్రభుత్వం వదిలేసిన చలికాలమది. పనికి మనుషుల్ని పంపే ఏజెన్సీ ఆఫీసు ముందు పొద్దున్నే మంచులో కాలేజీ పిల్లలు బారులు తీరేవారు. గంటకు పదిహేనున్నర డాలర్లు. వద్దనుకుంటే ఆ పనికి వెనక పదిమంది.

నీరజ పైకి చూసింది. గాలిని బయటికి లాగే ఫ్యాను తిరగడం లేదు. ఏజెన్సీ తరఫున మనుషుల్ని వ్యానులో తెచ్చి పని చేయించే జయదేవ్ అటుగా వస్తే అడిగింది.

"జయదేవన్నా, ఫ్యాను ఆపేశారేంటి? కళ్ళు మండిపోతున్నాయి."

"బయట మైనస్ పద్దెనిమిదమ్మా. అది తిప్పితే లోపలి వేడంతా లాక్కొని పోతాంది. కొత్త పేర్లు అతికే ప్రెస్సు దగ్గరోళ్ళు చలని గొడవ చేస్తాండారు. శుక్రవారం దాకా అడ్జస్ట్ చేసుకోండి."

సాయంత్రం టీ విరామానికి ముందు ధరణి పట్టకారు జారవిడిచి రెండు చేతులూ బల్లకు ఆనించింది. నీరజ దగ్గరికి వెళ్ళేసరికి ఆమె గొంతులోంచి సన్నగా ఈల వస్తోంది. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి. నీరజ ఆమె నడుం పట్టుకుని తలుపు దాకా నడిపించి, చలిలోనే నిలబెట్టింది. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. జయదేవ్ ధరణి బల్ల మీది చొక్కాలు తెచ్చి నీరజ బల్ల మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున వ్యానులో అతను నీరజను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

"కంపెనీ సేఫ్టీ ఆఫీసరు నీతో మాట్లాడుతుంది. ధరణికి చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, మాకెవరికీ చెప్పలేదు అను. అంతే. ఆ పిల్లే నర్సుతో అనిందంట. అబద్ధమేం కాదు కదా?"

అబద్ధం కాదు. చలికాలం వస్తే తన తల్లి రాత్రంతా వీపు రాస్తూ కూర్చునేదని ధరణి నీరజకు కూడా చెప్పింది.

"మరి ఫ్యాను సంగతన్నా?"

జయదేవ్ వైపర్లు వేశాడు. "ఇక్కడే ఉండిపోయేదానికి పెట్టిన నా పీఆర్ ఫైలు ఓనరు చేతిలో ఉందమ్మా. నేనూ నీ మాదిరే వచ్చినోణ్ణే. నాలుగేండ్లాయ. ఫ్యాను ఆపమని నాకు చెప్పినోళ్ళు కాయితం మీద చెప్పలేదు."

అతని కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే నీరజకు కోపం రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేదనిపించింది.

సేఫ్టీ ఆఫీసరు తెల్లజుట్టు మనిషి, మెత్తగా మాట్లాడింది. ధరణికి ఇంతకుముందే జబ్బు ఉందా అని అడిగింది. జయదేవ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"చిన్నప్పుడు ఉండేదని చెప్పింది," అంది నీరజ ఇంగ్లీషులో. అక్కడితో ఆగిపోవచ్చు. ఆఫీసరు కూడా ఆ ప్రశ్న అక్కడితో అయిపోయినట్టే పెన్ను దించింది. "కానీ మేం మందు చల్లే చోట ఫ్యాను ఆపేశారు. నేను అడిగాను. శుక్రవారం దాకా సర్దుకోమన్నారు."

"ఎవరన్నారు?"

నీరజ తలుపు వైపు చూడలేదు. "అనడం జయదేవ్ అన్నాడు. అతనితో వేరేవాళ్ళు అనిపించారు. ఎవరో నాకు తెలీదు."

ఆఫీసరు మళ్ళీ పెన్ను ఎత్తింది. ఆ గదిలోంచి బయటికొచ్చాక జయదేవ్ మందు సీసా తెచ్చి నీరజ బల్ల మీద పెట్టాడు. ఫ్యాను ఇంకా కదలడం లేదు.

"అది తిరిగేదాకా నేనిది ముట్టుకోనన్నా."

చుట్టుపక్కల బల్లల దగ్గర చేతులు ఆగాయి గానీ ఎవరూ తలెత్తలేదు.

"అయితే ఇంటికి పో," అన్నాడు జయదేవ్, అలసిపోయిన గొంతుతో.

వ్యాను సాయంత్రం దాకా కదలదు. నీరజ మెయిన్ రోడ్డు దాకా మంచులో నడిచి, బస్సెక్కి ధరణి ఉండే బేస్‌మెంట్ గదికి వెళ్ళింది. ధరణి దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఆసుపత్రి వాళ్ళు పంపేశారు. భర్త పెట్రోలు బంకులో డ్యూటీకి వెళ్ళాడు.

జరిగింది విని ధరణి ముఖం తిప్పుకుంది.

"నిన్ను ఎవలు చెప్పుమన్నరు? రెండు దినాలైతే నేనే పోయి జయదేవన్న కాళ్ళు పట్టుకుందు. ఇగ ఏ ఏజెన్సోడు రానిస్తడు నన్ను?"

"మళ్ళీ అదే బల్ల దగ్గరికి వెళ్తావా?"

"పోకుంటే కిరాయి ఎవరిస్తరు, నువ్విస్తవా?" అని దగ్గుతో ఆగిపోయింది. నీరజ నీళ్ళిచ్చింది. ధరణి గ్లాసు ఖాళీ చేసింది. తను చేసింది తప్పేమోనని నీరజకు మొదటిసారి భయమేసింది. ఎవరి బదులు మాట్లాడిందో వాళ్ళని ఒక్క మాట అడగలేదు.

మంచం మీద ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఆ ఆఫీసరే అయ్యుంటది," అంది ధరణి. మోగి మోగి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మోగింది.

"ఏమని చెప్పాలె?"

"నేను చెప్పను అక్కా. నీకు ఏం జరిగిందో నీకే తెలుసు."

ధరణి ఆమె వైపు కోపంగా చూసింది. తర్వాత ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అవతలి నుంచి "హలో, హలో" అని వినబడుతూనే ఉంది. మాట కోసం నోరు తెరిస్తే ఊపిరి చాలలేదు. కొంచెం ఆగమన్నట్టు, అవతలి మనిషి ఎదురుగా ఉన్నట్టే, గాలిలోకి చెయ్యెత్తింది.