స్ప్రింగుకు ఇచ్చిన విశ్రాంతి

నేను ఒక స్ప్రింగును. రైఫిలుకు తగిలించే మ్యాగజైన్‌లో, తూటాల అడుగున ముడుచుకుని ఉంటాను. పై తూటా పేలగానే తర్వాతి దాన్ని పైకి నెట్టాలి. నా పని అదొక్కటే. ఆ ఒక్కటీ చేయలేకపోతానేమోనన్న భయంతోనే నా బతుకంతా గడిచింది.

ఫ్యాక్టరీలో తీగను చుట్టి, కాల్చి, ఒక పగలంతా నన్ను అదిమి ఉంచారు. వదిలాక కాస్త పొట్టిపడ్డాను గానీ ఆ తర్వాత తగ్గలేదు. కదలకుండా అదిమి ఉంచితే నాకేమీ కాదని ఆ రోజే తెలిసింది. నన్ను అరగదీసేది అస్తమానం నొక్కడం, వదలడం. కానీ చెప్పడానికి నాకు నోరేది?

అక్కణ్నుంచి ఉత్తరాంధ్రలో జీడితోటల మధ్య ఉన్న ఒక కొండ మీదికి చేరాను. అక్కడి పోలీసు వైర్‌లెస్ టవరుకు తవిటయ్య, దాలినాయుడు అనే ఇద్దరు కానిస్టేబుళ్లు వంతులవారీగా కాపలా. ఇద్దరికీ కలిపి ఒక రైఫిలు, రెండు మ్యాగజైన్లు. నేనున్నది తవిటయ్యది, రెండోది దాలినాయుడిది.

తవిటయ్య చాలా శ్రద్ధగల మనిషి. ఇరవై పట్టేచోట పద్దెనిమిది తూటాలే నింపేవాడు. మ్యాగజైన్ అంచులు సొట్ట పోకుండా పాత బనీను గుడ్డ చుట్టి, పొడి పెట్టెలో పెట్టేవాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ డ్యూటీ దిగగానే తూటాలన్నీ తీసేసేవాడు, ఎక్కేముందు మళ్లీ నింపేవాడు. మధ్యలో అనుమానం వస్తే మరోసారి. అలా మూడేళ్లు.

దాలినాయుడు ఆ మూడో ఏడు జూన్‌లో తన మ్యాగజైన్ నింపి, మళ్లీ దాని మొహం చూడలేదు.

"ఏటి బావా, దాన్ని కాసేపు ఒగ్గేయవేటి? కొత్త పెళ్లికూతుర్ని సూసుకున్నట్టు సూసుకుంతన్నావు," అనేవాడు.

"స్ప్రింగుకి రెస్టుండాల. నీది అలాగే నిండుగుంచేసినావు. ఒకనాడు కొంప ముంచుద్ది."

"మునిగితే తేల్చడానికి నీదుంది కదేటి."

ఆ మాట వింటే నా చుట్లన్నీ బిగుసుకుపోయేవి. అప్పటికే నాలో బిగువు తగ్గుతోంది. ఇదివరకు గట్టిగా నిలిచే పై తూటా, ఇప్పుడు వేలు తగిలితే కదులుతోంది. తవిటయ్య అది గమనించాడు. పాపం అలసిపోయిందనుకుని ఇంకోసారి ఖాళీ చేశాడు.

మార్చిలో జీడిపళ్లు పండాయి. వాటి కోసం ఎలుగులు తోటల్లోకి దిగే కాలం అది. ఒక ఉదయం దాలినాయుడు నీళ్లకని క్యాను పట్టుకుని కిందికి దిగాడు. డ్యూటీలో ఉన్న తవిటయ్యకు కేక వినబడింది. పరుగెత్తి చూస్తే, దాలినాయుడు తొడ చీరుకుపోయి నేల మీద పడి ఉన్నాడు. అతనికి అవతల పిల్లతో తల్లి ఎలుగుబంటి. గురిపెడదామంటే మధ్యలో మనిషి ఉన్నాడు. తవిటయ్య గాలిలోకి కాల్చాడు. ఎలుగు ఆగింది. చప్పుడు ఆగితే ముందుకొస్తోంది. మళ్లీ కాల్చాడు.

తూటాలు తగ్గేకొద్దీ నేను సాగాలి. సాగేకొద్దీ నా బలం తగ్గుతుంది. పది పోయాయి. పదకొండు. పన్నెండోది వణుకుతూ ఎక్కింది. పదమూడోదాన్ని ఎలా నెట్టానో నాకే తెలియదు. పద్నాలుగోది సగంలో ఆగిపోయింది. తూటాను గొట్టంలోకి తోసే బోల్టు దాని మీదుగా ఖాళీగా వెళ్లింది. టక్‌మని చిన్న శబ్దం, అంతే.

ఎలుగు అడుగు వేసింది.

"బావా," అన్నాడు దాలినాయుడు. అరవలేదు. మామూలుగానే పిలిచాడు.

తవిటయ్య నన్ను లాగి పారేశాడు. రాళ్ల మీద పడి విన్నాను. డ్యూటీలో ఉన్నప్పుడు అదనంగా తన నడుము సంచిలో పెట్టుకునే దాలినాయుడి మ్యాగజైన్ తీసి తగిలించాడు, తొమ్మిది నెలలుగా ఎవరూ ఒక్క తూటా కూడా తీయనిది. ఒకటి, రెండు, మూడు, నాలుగు పేలాయి. ఎలుగు పిల్లను తోసుకుంటూ తోటలోకి వెళ్లిపోయింది.

తర్వాత జిల్లా ఆయుధాగారంలో తుపాకులు బాగుచేసే హెడ్ కానిస్టేబుల్ దేవుళ్లు, నన్నూ ఆ రెండో స్ప్రింగునూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నేను రెండు వేళ్ల మందం పొట్టిగా ఉన్నాను.

"నాను దీనికి రోజూ రెస్టు ఇచ్చినానన్నా," అన్నాడు తవిటయ్య.

"నువ్విచ్చింది రెస్టు కాదు తమ్ముడూ, కసరత్తు. నింపితే ఒగ్గేయాల. పొడిగా ఉంచాల, కింద పడనీకూడదు. మరింకేటీ సెయ్యక్కర్లేదు."

"ఏటీ సెయ్యకుండా ఎలాగన్నా?"

దేవుళ్లు కొత్త స్ప్రింగు బిగించి, తూటాలు నింపి చేతికిచ్చాడు. నన్ను రేకు డబ్బాలో వేశాడు. ఇక్కడ నా మీద ఏ బరువూ లేదు. అయినా భయం పోలేదు.

గుమ్మం దాటుతుండగా తవిటయ్య బొటనవేలు తెలియకుండానే, తీయబోతున్నట్టు, పై తూటా మీదికి వెళ్లింది. దేవుళ్లు చూడలేదు. నేను చూశాను. దాలినాయుడు కుట్లు విప్పించుకుని మళ్లీ ఆ కొండకే వెళుతున్నాడు. జీడిపళ్ల కాలం ఇంకా నెల ఉంది.