ఎండిపోవాల్సిన చేను

చేను పండించడం కంటే ఎండబెట్టడం కష్టమని వదినకు ఆ ఏడే తెలిసింది.

మూడు వైపులా మేడలు లేచాయి. నాలుగో వైపు రోడ్డు వచ్చింది. మధ్యలో వదినకూ మరిదికీ ఉమ్మడిగా ఉన్న కూరగాయల చేను ఒక్కటే మిగిలింది. చుట్టుపక్కల వాళ్ళంతా ఎప్పుడో అమ్ముకుని, కాళ్ళకంటిన మట్టి కడుక్కుని వెళ్ళిపోయారు. ఈ మిగిలిన ముక్క మీద కోట్లబాబు కన్ను పడింది. అతను స్థలాల బ్రోకరు. జేబులో టీ డబ్బులుండవు గాని, నోట్లోంచి కోటికి తక్కువ మాట దిగదు. అందుకే ఆ పేరు.

అతను అడగడానికి వచ్చిన రోజున వదిన మరిది వంక చూసింది. పాపం, ఏడాదిగా నడుం పట్టేసి, వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. అమ్మేస్తే సుఖపడతాడేమో. "నాదేముందండీ, అబ్బాయి ఇష్టం" అంది. మరిది వదిన చేతుల వంక చూశాడు. అన్న పోయినప్పటి నుంచి మట్టిలో పడి పగిలిపోయిన చేతులవి. "నాదేముంది, వదిన ఎలా అంటే అలా" అన్నాడు. ఇద్దరి మర్యాదా కలిసి ఒప్పుకోలై కూర్చుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది గాని, ఇక్కడ రాస్తే బాగుండదు.

సాగుభూమిని ఇళ్ళస్థలంగా మార్చాలంటే అధికారి వచ్చి చూడాలి. ఒక పంటకాలం సేద్యం లేనట్టు కనబడాలి. "చుక్క నీళ్ళు పెట్టొద్దు. నేల బీటలు వారాలి" అని చెప్పాడు కోట్లబాబు. మరిది అందరి ఎదుటా మోటారు గదికి తాళం వేశాడు. ఆ తాళం చూసుకుని వెళ్ళిన కోట్లబాబు మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. "నేనూ అటు వెళ్ళను వదినా, చూస్తే మనసు పాడవుతుంది" అన్నాడు మరిది. తనూ వెళ్ళనంది వదిన.

కొన్నాళ్ళు మాట మీద నిలబడింది. తర్వాత మనసాగక వెళ్ళింది. దున్నకుండా వదిలేసిన నేలలో, కిందటేడు రాలిన టమాటా గింజలు వాటంతట అవే మొలిచి ఉన్నాయి. కంచె పక్కన ఓ సొరపాదు. అన్నీ వడలిపోయి తలలు వేలాడేశాయి. "మీ ఖర్మ, నేనేం చెయ్యను" అని తిట్టి వెనక్కి తిరిగింది. గట్టు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది. తన దగ్గరున్న రెండో తాళంచెవితో గది తీసి, కాసేపు నీళ్ళు వదిలింది.

ఇక అదే అలవాటైపోయింది. వెలుగు రాకముందే వెళ్ళడం, చప్పుడు కాకుండా తడపడం, ఎండెక్కేలోగా ఇల్లు చేరడం. సొంత చేలో దొంగతనం! అమ్మకం కోసం ఎదురుచూస్తున్న మరిదికి తెలిస్తే ఎంత బాధపడతాడోనని గుండె పీచుపీచుమనేది. ఇంత కొద్ది నీళ్ళకు మొక్కలు అంత ఏపుగా ఎలా పెరుగుతున్నాయో ఆమెకు అంతుబట్టలేదు. నేల మంచిది అనుకుంది. మంచి నేలను చేజేతులా చంపుకుంటున్నాం కదా అని ఓ రోజు అక్కడే కూర్చుని ఏడ్చింది కూడా.

అధికారి వచ్చే రోజు దగ్గరపడ్డాక భయమేసి మానేసింది. ఎండితే పరువు దక్కుతుంది. ఎండకూడదని మాత్రం లోపల కొట్టుకుపోయింది.

అధికారి నడివయసావిడ. గొడుగేసుకుని నింపాదిగా వచ్చింది. కోట్లబాబు ముందు నడిచాడు. "ఉత్త బీడండీ మేడం, పశువు కూడా మూతి పెట్టదు" అంటూ గేటు తోసి, అక్కడే ఆగిపోయాడు.

ఎదురుగా టమాటాలు గుత్తులు గుత్తులుగా ఎర్రబడి ఉన్నాయి. కంచె మీదికి పాకిన సొరపాదు నుంచి ఓ కాయ అతని నెత్తికి జానెడు దూరంలో వేలాడుతోంది.

"కలుపండీ మేడం" అన్నాడు తేరుకుని. "వానకి మొలిచింది."

ఆవిడ వంగి ఆకులు తొలగించి చూసింది. "కలుపుకి కర్రలు పాతి కట్టారేంటండీ?"

వదిన గబగబా దగ్గరికెళ్ళింది. నిజమే, ప్రతి మొక్కకీ ఓ కర్ర, కర్రకి గుడ్డపీలికతో ముడి. తను నీళ్ళు పెట్టిందే గాని కర్రలు పాతలేదు. పీలికలు నీలం చారల తువ్వాలువి. ఆ తువ్వాలు పారేశాడని నిన్న రాత్రే మరిది తన పెళ్ళాం చేత చీవాట్లు తిన్నాడు.

తల తిప్పి చూసింది. మరిది నేలచూపులు చూస్తున్నాడు.

"అబ్బాయ్, ఆ నడుంతో ఇన్ని మొక్కలకి ఎలా వంగావు?"

"వంగలేదు వదినా. కూర్చుని దేక్కుంటూ కట్టా. కాయల బరువుకి వాలిపోతుంటే చూడలేక, నిన్న సాయంత్రం" అన్నాడు. "నీళ్ళు కూడా నేనే పెట్టా. రోజూ సాయంత్రం. తప్పే. నువ్వు అమ్మేద్దామని ఆశపడుతుంటే..."

"నేనా ఆశపడింది? నీ నడుం చూసి కదా సరేనన్నాను! పొద్దున్నపూట నీళ్ళు పెట్టింది నేనురా!"

"నువ్వా!" మరిది నోరు తెరిచాడు. "నేల మంచిది, తడి నిలుస్తోంది అనుకున్నా."

కోట్లబాబు గట్టు మీద చతికిలబడి, "ఇద్దరూ కలిసి నా కొంప ముంచారు" అన్నాడు.

అధికారి నవ్వు ఆపుకుంది. "పంట ఉంది కాబట్టి ఉందనే రాస్తాను. ఈసారికి మార్పు కుదరదు. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకుంటారా, మానుకుంటారా?"

మరిది అలవాటుగా "వదిన ఎలా..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు నోర్మూసుకో అబ్బాయ్" అంది వదిన. "మన మర్యాదే కదా చేను అమ్మబోయింది! మేం అమ్మమండీ. ఈ ఏడూ అమ్మం, వచ్చే ఏడూ అమ్మం."

ఆ మాట అనేశాక గుండె మీంచి బండ దింపినట్టయింది. మరిది నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. కళ్ళు తుడుచుకోవడానికి భుజం తడుముకుని, తువ్వాలు లేక చొక్కాచేత్తో తుడుచుకున్నాడు.

అధికారీ, ఆవిడ వెనకే కోట్లబాబూ వెళ్ళిపోయాక ఇద్దరూ టమాటాల మధ్య కూర్చున్నారు.

"నిజం చెప్పు. ఒక్కసారైనా అమ్మేద్దామనిపించలేదూ?" అంది వదిన.

"నడుం సలిపినప్పుడల్లా అనిపించేది."

"నాకూ అనిపించేదిలే, చేతులు మండినప్పుడు. ఇకమీద వంగే పని నాది, నీళ్ళూ బేరమూ నీవి. ఇంక నాదేముంది అన్నావంటే ఊరుకోను. ఏం కావాలో నోరు తెరిచి చెప్పాలి."

మరిది నడుం పట్టుకుని మెల్లగా లేచాడు.

"అన్నం కావాలి వదినా. నిన్నటి నుంచి ముద్ద దిగలేదు."

తనకీ కడుపు నకనకలాడుతోందని అప్పుడు గాని వదినకు తెలియలేదు.