బాణం గుర్తులకు ఎదురు

మేముండే కమ్మింగ్ నుంచి గంట డ్రైవ్ చేస్తే జర్మన్ ఊరిలా కట్టిన చిన్న ఊరొకటి వస్తుంది. మధ్యలో చర్చి, దాని చుట్టూ తేలికైన నడకదారి. నేను పాపని రెస్ట్‌రూమ్‌కి తీసుకెళ్లి వచ్చేసరికి మా పెద్దమ్మ ఛాయాదేవి లేదు. ఆవిడ ఫోనేమో నా బ్యాగులో ఉంది.

"బాణం గుర్తులు చూసుకుంటూ ముందు నడుస్తానంది. మనం ఎదురెళ్తే త్వరగా దొరుకుతుంది," అన్నాడు మా ఆయన తేజేశ్వర్.

ఎదురెళ్లాం. చుట్టు పూర్తయినా జాడ లేదు. పక్కనే ఏరు.

"ఒక్క మనిషిని కనిపెట్టుకుని ఉండలేకపోయావా?" అని ఆయన మీద అరిచాను. మళ్లీ అటే పరుగెత్తబోయి ఆగిపోయాను. బాణాలు చర్చిని ఎడమచేతి వైపు ఉంచి తిప్పుతున్నాయి. పెద్దమ్మ జన్మలో ఏ గుడినీ అలా తిరగలేదు. అంటే ఇంతసేపూ మా ముందే, మేం నడిచిన వైపే నడుస్తోంది!

వెనక్కి తిరిగి బాణాల వెంట పరుగెత్తాను. మలుపులో ఎదురొచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని, పెదాలు కదుపుతూ.

"ఎక్కడికెళ్లిపోయావు?" అని కసిరాను.

"తప్పిపోయింది మీరే," అంది కళ్లొత్తుకుంటూ. "మీరు కనబడాలని ఈ చర్చిలో ఉన్నాయనకి మూడు ప్రదక్షిణాలు మొక్కుకున్నా. ఇంకా రెండు మిగిలాయి. చెప్పులు విప్పి రండి."